క్లమీడియా టెస్టు: ఏది చేయించుకోవాలి, శాంపిల్ ఎలా ఇవ్వాలి

పెళ్ళయి నాలుగేళ్ళయినా పిల్లలు లేరని ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్న ఒక జంట ఆ మధ్య మా ల్యాబు కౌంటర్ దగ్గరికి వచ్చారు. ఆమె చేతిలో లావుపాటి ఫైలు. అందులో ఎప్పుడో చేయించిన రక్తపరీక్ష రిపోర్టు, దాని మీద పెన్నుతో చుట్టి పెట్టిన ఒక లైను: క్లమీడియా ఐజీజీ పాజిటివ్. క్లమీడియా అంటే లైంగికంగా సోకే ఒక జబ్బు. భర్త కొంచెం ఎడంగా గోడ పక్కన నిలబడ్డాడు. ఆమె గొంతు తగ్గించి, "మేడమ్, ఇది ఆయన నుంచి వచ్చిందా, నా నుంచా? మూడు నెలల నుంచి ఇంట్లో ఇదే గొడవ" అని అడిగింది.

ఆ కాగితం ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఐజీజీ అనేది మన ఒంట్లో తయారైన యాంటీబాడీ. ఎప్పుడో ఒకసారి సూక్ష్మజీవి తగిలిందని అది చెబుతుంది, అంతే. ఏడేళ్ళ కిందట వచ్చి తగ్గిపోయినా అలాగే కనిపిస్తుంది. పైగా దగ్గు, తుమ్ముల ద్వారా వ్యాపించే క్లమీడియా న్యుమోనియే అనే చుట్టం ఒకటుంది. దానికీ శృంగారానికీ సంబంధమే లేదు. కొన్ని కిట్లలో దాని వల్ల కూడా పాజిటివ్ వస్తుంది. ఆ జంటకు పీసీఆర్, అంటే బ్యాక్టీరియానే నేరుగా వెతికే పరీక్ష, చేశాం. ఇద్దరిలోనూ ఇప్పుడు బ్యాక్టీరియా లేదు.

ఈ జబ్బు విషయంలో పొరపాట్లు మెషిన్‌లో జరిగేవి తక్కువ. చీటీ మీద ఏ టెస్టు రాశారు, డబ్బాలో ఏం పట్టి తెచ్చారు అనే దగ్గరే ఎక్కువ జరుగుతాయి. ఆ రెండూ మీ చేతిలో ఉన్నవే. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు, మీకు ఈ టెస్టు అవసరమా?

క్లమీడియా ట్రాకోమాటిస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే లైంగిక వ్యాధి ఇది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2020లో 15 నుంచి 49 ఏళ్ళ వాళ్ళలో దాదాపు 12.85 కోట్ల కొత్త కేసులు వచ్చాయి. పాత తరం వాళ్ళకు ట్రకోమా అనే కంటి జబ్బు గుర్తుండవచ్చు. అదీ ఈ బ్యాక్టీరియా పనే, కాకపోతే వేరే రకాలు. మన దేశం ట్రకోమాను ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేసిందని ఆ సంస్థ 2024లో ప్రకటించింది. లైంగికంగా వచ్చే రకం మాత్రం ఎక్కడికీ పోలేదు.

దీనితో వచ్చిన చిక్కంతా ఇది బయటపడకపోవడమే. సోకిన ఆడవాళ్ళలో ఎక్కువ మందికి, మగవాళ్ళలో దాదాపు సగం మందికి ఏ లక్షణమూ ఉండదు. లోలోపల మాత్రం ఆడవాళ్ళలో గర్భాశయ ముఖద్వారం నుంచి పైకి పాకి, అండాన్ని గర్భాశయానికి చేర్చే ఫాలోపియన్ ట్యూబులను పాడుచేస్తుంది. తర్వాత పిల్లలు పుట్టకపోవడానికీ, ట్యూబులో గర్భం రావడానికీ అదొక కారణం.

ఇంగ్లండ్‌లో ఉన్నట్టు మన దేశంలో క్లమీడియాకు జాతీయ స్క్రీనింగ్ కార్యక్రమం లేదు. గర్భిణులకు హెచ్‌ఐవీ, సిఫిలిస్ టెస్టులు చేస్తారు గానీ ఇది ఆ జాబితాలో లేదు. కాబట్టి ఎవరో పిలిచి చేస్తారని ఎదురుచూడకుండా మీరే అడగాలి. లైంగిక సంబంధంలో ఉన్న 25 ఏళ్ళలోపు ఆడవాళ్ళు ఏడాదికోసారి చేయించుకోవాలన్నది అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ సలహా. వయసు అంతకు మించినా కొత్త భాగస్వామి ఉన్నా, ఒకరి కన్నా ఎక్కువ మంది ఉన్నా, భాగస్వామికి ఏదైనా సుఖవ్యాధి బయటపడినా చేయించుకోవాలి. మగవాళ్ళతో సంబంధం ఉన్న మగవాళ్ళు కనీసం ఏడాదికోసారి, ముప్పు ఎక్కువగా ఉంటే మూడు నుంచి ఆరు నెలలకోసారి చేయించుకోవాలి. గర్భంతో ఉండి ఈ ముప్పుల్లో ఏదైనా ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి. కాన్పులో బిడ్డకు సోకితే మొదటి రెండు వారాల్లో కళ్ళకు చీము పట్టవచ్చు, ఒకటి నుంచి మూడు నెలల వయసులో న్యుమోనియా రావచ్చు.

లక్షణాలు ఉంటే ఇలా ఉంటాయి. మగవాళ్ళకు మూత్రంలో మంట, పొద్దున్నే లోదుస్తుల మీద పలచటి మరక, ఒక వైపు వృషణం నొప్పి. ఆడవాళ్ళకు తెల్లబట్ట తీరు మారడం, కలయిక తర్వాత రక్తం కనిపించడం, నెలసరికీ నెలసరికీ మధ్య చుక్కలు పడటం, పొత్తికడుపులో నొప్పి.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. నెల తప్పి, పొత్తికడుపులో ఒక పక్కన బాగా నొప్పి వచ్చి కళ్ళు తిరుగుతుంటే ల్యాబుకు రావద్దు, నేరుగా ఆస్పత్రి ఎమర్జెన్సీకి వెళ్ళండి. జ్వరంతో పాటు పొత్తికడుపు నొప్పి ఉన్నా, వృషణంలో ఉన్నట్టుండి విపరీతమైన నొప్పి వచ్చినా అంతే. వీటికి పీసీఆర్ రిపోర్టు కోసం ఆగకూడదు.

ఎప్పుడు చేయించుకోవాలి

లక్షణాలుంటే వెంటనే. లక్షణాలేమీ లేకుండా ఫలానా రోజు కలయిక గురించి టెన్షన్ ఉంటే, ఆ రోజు నుంచి రెండు వారాలు ఆగి చేయించుకోండి. మూడో రోజే పరుగెత్తుకొచ్చి ఇచ్చిన శాంపిల్‌లో నెగెటివ్ వస్తే దాన్ని నమ్ముకోలేం. రెండు వారాలు దాటాక మళ్ళీ ఇవ్వాల్సిందే.

ఈలోపు మెడికల్ షాపుకు వెళ్ళి అజిత్రోమైసిన్ మూడు మాత్రలు కొనుక్కుని మింగకండి. మన దగ్గర ఇది ఎంత మామూలైపోయిందో రోజూ చూస్తున్నాను. అరకొర మందుతో లక్షణం తాత్కాలికంగా తగ్గుతుంది, టెస్టు అటూ ఇటూ కాకుండా పోతుంది, గనేరియా లాంటి వేరే సుఖవ్యాధి ఉంటే అది మందుకు లొంగకుండా మొండికేస్తుంది. ఇప్పటికే వేసుకుని ఉంటే దాచకండి. ఏ మాత్ర, ఎన్ని, ఏ తేదీన అన్నది డాక్టరుకు చెప్పండి. స్ట్రిప్ ఉంటే వెంట తీసుకెళ్ళండి.

చీటీ మీద ఏం రాసి ఉండాలి

క్లమీడియా ట్రాకోమాటిస్ పీసీఆర్. ఈ మాట గుర్తుపెట్టుకోండి. కొన్ని ల్యాబుల్లో దీన్ని ఎన్ఏఏటీ అంటారు, బ్యాక్టీరియా జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష. మామూలుగా గనేరియాతో కలిపి సీటీ/ఎన్‌జీ పీసీఆర్ అని చేస్తారు, సీటీ అంటే క్లమీడియా, ఎన్‌జీ అంటే గనేరియా. రెండూ ఒకేసారి సోకడం తరచూ జరిగేదే కాబట్టి కలిపి చేయించుకోవడమే మంచిది. టీబీకి కఫం పరీక్ష చేసే జీన్‌ఎక్స్‌పర్ట్ మెషిన్ పేరు మీరు విని ఉంటారు. అదే మెషిన్‌లో వేరే కార్ట్రిడ్జ్ పెడితే ఈ టెస్టు గంటన్నరలో అవుతుంది. అయితే ఆ కార్ట్రిడ్జ్ అన్నిచోట్లా ఉండదు, ఫోన్ చేసి కనుక్కోండి.

చీటీ మీద క్లమీడియా ఐజీజీ, ఐజీఎమ్ అని రక్తపరీక్ష రాసి ఉంటే మొహమాటపడకుండా అడగండి: "డాక్టర్ గారూ, ఇప్పుడు ఇన్ఫెక్షన్ ఉందో లేదో తెలియాలంటే పీసీఆర్ కదా?" పిల్లలు లేని జంటల్లో ట్యూబులు ఎప్పుడైనా దెబ్బతిన్నాయేమో అంచనా వేయడానికి కొందరు డాక్టర్లు యాంటీబాడీ పరీక్ష రాస్తారు, అది వేరే లెక్క. అది చూసి మందులు మొదలుపెట్టడం, భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించుకోవడం మాత్రం తప్పు.

మామూలు యూరిన్ టెస్టులో ఇది తెలియదు. యూరిన్ కల్చర్‌లో కూడా పెరగదు. ఈ బ్యాక్టీరియా మన కణాల లోపల మాత్రమే బతుకుతుంది, ల్యాబు ప్లేట్ల మీద మొలవదు. అందుకే చీము కణాలు బోలెడున్నా కల్చర్‌లో 'నో గ్రోత్' అని వస్తే ఒక్క క్షణం ఆగి క్లమీడియా గురించి ఆలోచించాలి. గ్రామ్ స్టెయిన్ అనే రంగు వేసి మైక్రోస్కోపు కింద చూసే స్లైడులో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉందని తెలుస్తుంది గానీ కారణం క్లమీడియానా అన్నది కనిపించదు. పదిహేను నిమిషాల్లో ఫలితం చెప్పే కార్డు టెస్టులు చాలా కేసులను వదిలేస్తాయి. వాటిలో నెగెటివ్ వచ్చిందని ధీమా పడకండి.

ఇంకో సంగతి. కొన్ని ల్యాబులు ఏడెనిమిది సూక్ష్మజీవులను కలిపి పెద్ద ప్యాకేజీ అమ్ముతాయి. అందులో యూరియాప్లాస్మా, మైకోప్లాస్మా హోమినిస్ పాజిటివ్ వచ్చిందని ఏడుస్తూ ఫోన్ చేసినవాళ్ళున్నారు. ఏ జబ్బూ లేని ఎంతోమంది ఒంట్లో ఆ రెండూ ఉంటాయి. అవి కనిపించినంత మాత్రాన మందు అక్కర్లేదు. నా మట్టుకు నేను సీటీ/ఎన్‌జీతో మొదలుపెట్టమంటాను, మిగతావి అవసరాన్ని బట్టి డాక్టరే రాస్తారు.

ఎక్కడికి వెళ్ళాలి

స్కిన్ డాక్టర్ బోర్డు మీద చర్మ, సుఖవ్యాధుల నిపుణులు అని ఉంటుంది చూడండి, ఇది వాళ్ళ విభాగమే. ఆడవాళ్ళు గైనకాలజిస్టు దగ్గరికి వెళ్ళవచ్చు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఆధ్వర్యంలో నడిచే సురక్షా క్లినిక్‌లు ఉంటాయి. అక్కడ కౌన్సెలర్ ఉంటారు, మందులు ఉచితం. కాకపోతే అక్కడి చికిత్స ఎక్కువగా లక్షణాలను బట్టి సాగుతుంది. మగవాళ్ళకు మూత్రనాళం నుంచి చీము, ఆడవాళ్ళకు గర్భాశయ ముఖద్వారం వాపు ఉంటే బూడిద రంగు కిట్ ఇస్తారు. అందులో అజిత్రోమైసిన్ 1 గ్రాము, సెఫిక్సిమ్ 400 మిల్లీగ్రాములు. లక్షణమే లేనివాళ్ళను ఈ పద్ధతి పట్టుకోలేదు, వాళ్ళకు పీసీఆరే దారి. ఎక్కడికెళ్ళాలో తోచకపోతే 1097కు ఫోన్ చేయండి. టోల్ ఫ్రీ.

శాంపిల్: మగవాళ్ళకు మూత్రం

ఇక్కడే ఎక్కువ మంది తప్పు చేస్తారు. తప్పు వాళ్ళది కూడా కాదు. యూరిన్ కల్చర్ అంటే "మొదట కొంచెం వదిలేసి మధ్యలో పట్టండి" అని మనందరికీ నేర్పించారు. కౌంటర్‌లో కొత్తగా చేరిన పిల్లలు కూడా అలవాటు కొద్దీ అదే మాట చెప్పేస్తారు. క్లమీడియాకు సరిగ్గా దానికి తిరగేసి చేయాలి. బ్యాక్టీరియా ఉండేది మూత్రనాళం గోడ కణాల్లో. మొదటి ధార ఆ గోడను కడుగుతూ కణాలను మోసుకొస్తుంది. దాన్ని వదిలేస్తే మనకు కావలసింది కాస్తా టాయిలెట్‌లోకి పోయినట్టే.

కాబట్టి శాంపిల్‌కు ముందు కనీసం గంట, వీలైతే రెండు గంటలు మూత్రానికి వెళ్ళకండి. సబ్బుతో కడగకండి, తుడుచుకోకండి. డబ్బా మూత తీసి దాని లోపలి వైపు వేలు తగలకుండా పక్కన పెట్టండి. మూత్రం మొదలైన మొదటి చుక్క నుంచే డబ్బాలో పట్టండి. 20 నుంచి 30 మిల్లీలీటర్లు చాలు. దగ్గు మందు సీసా మీద ఉండే పది మిల్లీలీటర్ల మూతతో రెండు మూడు మూతలంత. అక్కడితో డబ్బా తీసేసి మిగతాది టాయిలెట్‌లో పోయండి. డబ్బా నిండా తెచ్చిస్తే ల్యాబుకు మేలు చేశామనుకుంటారు గానీ ఆ కొంచెం కణాలూ అంత నీటిలో పలచబడిపోతాయి. త్వరగా రావాలని ముందు లీటరు నీళ్ళు తాగడం వల్ల కూడా ఇదే నష్టం.

అదే రోజు కల్చర్ కూడా ఇవ్వాల్సి వస్తే రెండు డబ్బాలు అడగండి. మొదటి ధార ఒకదాంట్లో, మధ్య ధార రెండోదాంట్లో. టాయిలెట్‌లోకి వెళ్ళకముందే డబ్బాల మీద 1, 2 అని రాసుకోండి. బయటికొచ్చాక ఏది ఏదో గుర్తుండదు.

శాంపిల్: ఆడవాళ్ళకు స్వాబ్

ఆడవాళ్ళకు యోని నుంచి తీసిన స్వాబ్, అంటే చివర మెత్తగా ఉండే పుల్లతో తీసిన నమూనా, అన్నిటికన్నా మంచి శాంపిల్. మూత్రంతో చేస్తే స్వాబ్‌తో దొరికే ప్రతి 100 కేసుల్లో 10 దాకా జారిపోవచ్చు. చాలామందికి తెలియనిది ఏమిటంటే, ఈ స్వాబ్ ఎవరికి వాళ్ళే తీసుకోవచ్చు. డాక్టరు తీసినదానికి ఏమాత్రం తీసిపోదు. బల్ల మీద పడుకుని పరీక్ష చేయించుకోవడానికి సిగ్గుపడి నెలల తరబడి వాయిదా వేసేవాళ్ళకు ఇదెంత ఊరటో నాకు తెలుసు. ల్యాబును అడగండి, తలుపు వేసుకుని మీరే తీసివ్వవచ్చు.

చేతులు కడుక్కుని తుడుచుకోండి. కిట్ విప్పాక పుల్ల చివరి మెత్తటి భాగాన్ని తాకకండి, ఎక్కడా ఆనించకండి, తడపకండి. కమోడ్ మీద కాళ్ళు ఎడంగా పెట్టి కూర్చోండి, లేదా ఒక కాలు ఎత్తు మీద పెట్టుకుని నిలబడండి. ఒక చేత్తో పెదవులు విడదీసి, పుల్లను మెల్లగా 5 సెంటీమీటర్లు, అంటే చూపుడువేలులో రెండు కణుపులంత లోపలికి పెట్టండి. నొప్పి పుట్టకూడదు, అడ్డు తగిలితే కోణం కాస్త మార్చండి. చుట్టూ గోడలకు తగిలేలా 10 నుంచి 30 సెకన్లు తిప్పండి. మనసులో నింపాదిగా ఇరవై లెక్కపెట్టుకుంటే సరిపోతుంది. చర్మానికి ఆనకుండా బయటికి తీసి నేరుగా ట్యూబులో పెట్టండి. పుల్ల మీద గీత ఉన్నచోట వంచితే విరుగుతుంది. మూత గట్టిగా బిగించండి.

ట్యూబులో ఉన్న ద్రవం మందు కాదు, శాంపిల్‌ను కాపాడేది. పారబోయకండి, చర్మానికి తగలనివ్వకండి. ఒలికిపోతే దాచకుండా ఇంకో కిట్ అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు. కిట్‌లో ఇచ్చిన పుల్లే వాడాలి, చెవుల్లో పెట్టుకునే దూది పుల్లలు పనికిరావు. ముందు రోజు జెల్లు, యోనిలో పెట్టే మందులు వాడకపోవడం మేలు. నెలసరిలో ఉన్నా చాలా కిట్లతో టెస్టు చేయవచ్చు, ల్యాబును ఒకసారి అడగండి. గర్భంతో ఉంటే డాక్టరును అడిగాకే మీరు తీసుకోండి.

పెళ్ళికాలేదనో ఇబ్బందిగా ఉందనో స్వాబ్ వద్దనుకుంటే మూత్రం ఇవ్వండి. అసలు చేయించుకోకపోవడం కన్నా అది ఎంతో నయం. పద్ధతి మగవాళ్ళకు చెప్పినదే: కడగకుండా, మొదటి ధార.

ఇక మలద్వారం, గొంతు. కలయిక ఆ దారుల్లో జరిగి ఉంటే అక్కడి స్వాబ్ విడిగా ఇవ్వాలి. మూత్రం నెగెటివ్ వచ్చి, మలద్వారంలో పాజిటివ్ వచ్చే కేసులు ఉంటాయి. ఈ ఒక్క మాట డాక్టరుతో చెప్పడానికి నోరు రాకపోతే చీటీ మీద రాసి ఇవ్వండి. చెప్పకపోతే తప్పు చోట వెతికి, ఏమీ లేదని పంపించేస్తాం.

ఇచ్చేముందు డబ్బా మీద పేరు, వయసు, తీసిన టైము, అది మూత్రమా స్వాబా, ఎక్కడి నుంచి తీసింది, అన్నీ ఉన్నాయో లేదో మీ కళ్ళతో చూసుకోండి. మూత్రాన్ని ల్యాబు ప్రత్యేకమైన ట్యూబులోకి మార్చాలి, చాలా కిట్లలో 24 గంటల లోపు. కాబట్టి ఇంట్లో పట్టి రెండు రోజులు ఉంచి తేవద్దు.

రిపోర్టు చేతికొచ్చాక

'డిటెక్టెడ్' అంటే బ్యాక్టీరియా దొరికింది. 'నాట్ డిటెక్టెడ్' అంటే ఇచ్చిన శాంపిల్‌లో దొరకలేదు. 'ఇన్‌వాలిడ్' అంటే పాజిటివూ కాదు, నెగెటివూ కాదు. టెస్టు సరిగ్గా నడవలేదని, మళ్ళీ శాంపిల్ ఇవ్వాలని అర్థం. సీటీ విలువ (ఇది క్లమీడియా పొట్టి పేరు సీటీ కాదు, మెషిన్ ఎన్నో విడతకు బ్యాక్టీరియాను పట్టిందో చెప్పే అంకె) అంటూ ఏదైనా ఉంటే దాన్ని బట్టి జబ్బు ముదిరిందా అని లెక్కలు వేసుకోకండి.

పీసీఆర్ ఎంత మంచిదైనా తప్పు జరగదని కాదు. 2006లో స్వీడన్‌లో ఒక కొత్త రకం క్లమీడియా బయటపడింది. అప్పటి కొన్ని కిట్లు వెతికే జన్యు ముక్క సరిగ్గా ఆ రకంలో లేదు. జబ్బు ఉన్నా నెగెటివ్ అని వచ్చేది. ఆ తర్వాత కంపెనీలు రెండు చోట్ల వెతికేలా కిట్లు మార్చుకున్నాయి. అందుకే నెగెటివ్ వచ్చాక కూడా మంట, చీము తగ్గకపోతే డాక్టరు దగ్గరికి మళ్ళీ వెళ్ళండి. మైకోప్లాస్మా జెనిటాలియం, ట్రైకోమోనాస్ లాంటి వేరే లైంగిక ఇన్ఫెక్షన్లు కూడా చూడాల్సి ఉంటుంది.

పాజిటివ్ వస్తే భయపడకండి, ఇది పూర్తిగా నయమవుతుంది. మామూలుగా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు పూటకొకటి చొప్పున రోజుకు రెండుసార్లు, 7 రోజులు రాస్తారు. గర్భిణులకు అది ఇవ్వరు, అజిత్రోమైసిన్ 1 గ్రాము ఒకే మోతాదుగా ఇస్తారు. డాక్సీ మాత్ర గ్లాసు నిండా నీళ్ళతో వేసుకుని అరగంటైనా పడుకోకుండా ఉండండి, లేకపోతే గొంతు కిందుగా మంట పుడుతుంది. రెండో రోజుకే బాగున్నట్టనిపించినా ఏడు రోజులూ పూర్తి చేయాలి. అదే సమయంలో రక్తంలో హెచ్‌ఐవీ, సిఫిలిస్, హెపటైటిస్ బి కూడా చూపించుకోండి.

భాగస్వామి సంగతి కష్టమైనదే, అయినా తప్పదు. గత 60 రోజుల్లో కలిసినవాళ్ళందరికీ చెప్పాలి. భార్యాభర్తలైతే ఇద్దరూ ఒకేసారి మందు వాడాలి, చికిత్స అయ్యేదాకా 7 రోజులు కలవకూడదు. చెప్పేటప్పుడు ఈ ఒక్క నిజం ముందు పెట్టండి: ఇది ఏ లక్షణమూ లేకుండా ఏడాది, అంతకు మించి కూడా ఒంట్లో ఉండిపోగలదు. ఎప్పుడు వచ్చిందో, ఎవరి నుంచి వచ్చిందో ఏ టెస్టూ చెప్పదు. "నాకు ఇది ఉందని తెలిసింది, నయమవుతుంది, నువ్వూ చూపించుకో" అంటే చాలు. నేరుగా చెప్పలేకపోతే కౌన్సెలర్ సాయం అడగండి.

బయటి దేశాల్లో చదువుకుంటున్న మన పిల్లలకు రెండు మాటలు. ఇంగ్లండ్‌లో 25 ఏళ్ళలోపు వాళ్ళకు చాలాచోట్ల ఇంటికే ఉచితంగా కిట్ పంపుతారు. అమెరికాలో 24 ఏళ్ళు, అంతకు లోపు ఆడవాళ్ళకు ఈ స్క్రీనింగ్‌ను చాలా ఇన్సూరెన్సులు కోపే లేకుండా, అంటే మీ చేతి నుంచి డబ్బు కట్టనక్కర్లేకుండా ఇస్తాయి. ఇన్సూరెన్సు మరొకరి పేరు మీద ఉంటే టెస్టు వివరాల కాగితం వాళ్ళకు వెళ్ళే అవకాశం ఉంది. ఇబ్బంది అనుకుంటే ముందే క్లినిక్‌లో అడగండి, లేదా ఆ ఊరి ప్రభుత్వ హెల్త్ డిపార్ట్‌మెంట్ క్లినిక్‌కు వెళ్ళండి.

మళ్ళీ టెస్టు ఎప్పుడు

మందు అయిపోయిన వారానికే "తగ్గిందో లేదో చూడండి మేడమ్" అని వచ్చేవాళ్ళు చాలామంది. అప్పుడు చేస్తే చచ్చిపోయిన బ్యాక్టీరియా జన్యుపదార్థం ఇంకా అక్కడే ఉంటుంది, దాన్ని కూడా పీసీఆర్ పట్టుకుంటుంది. పాజిటివ్ చూసి మళ్ళీ మందులు, మళ్ళీ గొడవలు. నాలుగు వారాల లోపు అసలు చేయించుకోకండి. గర్భిణులు మాత్రం చికిత్స తర్వాత దాదాపు నాలుగు వారాలకు ఒకసారి, మూడు నెలలకు ఇంకోసారి చేయించుకోవాలి. మిగతావాళ్ళు మూడు నెలలకు చేయించుకుంటే చాలు. అది మందు పనిచేసిందా అని చూడటానికి కాదు, చికిత్స తీసుకోని భాగస్వామి నుంచి మళ్ళీ సోకిందేమో చూడటానికి. మందు మొదలుపెట్టిన రోజే ఫోన్‌లో ఆ తేదీకి రిమైండర్ పెట్టుకోండి. పేరు ఏదైనా పెట్టుకోండి, డెంటల్ చెకప్ అని రాసుకున్నా సరే.